ఖాళీ వదలడం నేర్పిన ఏడాది

ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయిన మనిషిని. నా దగ్గర చదువుకున్న పిల్లలకు నా ముఖం గుర్తుందో లేదో గానీ, నా ఎర్ర పెన్ను మాత్రం తప్పకుండా గుర్తుంటుంది. జవాబు తప్పు రాస్తే చిన్న ఇంటూ పెట్టి ఊరుకునేదాన్ని. ఖాళీ వదిలితే మాత్రం ఒళ్ళు మండేది. ఆ ఖాళీ మేరకంతా పెద్ద సున్నా చుట్టి, కాగితం చిరిగేంతగా నొక్కి, పక్కన "ఎందుకు?" అని రాసేదాన్ని. దానికింద ఇంట్లోవాళ్ళ సంతకం కావాలి. నా ఎర్ర సున్నాకు భయపడి జ్వరం తెచ్చుకున్న పిల్లలు కూడా ఉన్నారని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పట్లో తెలిసుంటే గర్వపడేదాన్నేమో కూడా.

మా బడి జార్జి టౌన్‌లో ఒక ఇరుకు సందులో ఉండేది. ఒక పక్క ఉల్లిపాయల గోడౌను, ఇంకో పక్క కాగితాల టోకు దుకాణం. తమిళుల ఊళ్ళో తెలుగు వాళ్ళు తెలుగు పిల్లల కోసం పెట్టిన పాత బడి. హార్బరు కూలీల పిల్లలు, దుకాణాల్లో గుమాస్తాల పిల్లలు, ఇళ్ళలో పనిచేసే తల్లుల పిల్లలు వచ్చేవాళ్ళు. వాళ్ళకు బోర్డు పరీక్ష గట్టెక్కడమే పెద్ద గండం. ఆ పరీక్షలో స్టెప్పుకు మార్కు. ఫార్ములా రాస్తే ఒకటి, అందులో అంకెలు వేస్తే ఇంకొకటి, చివరి జవాబు గోవిందా అయినా సగం మార్కులు చేతికొస్తాయి. కాబట్టి నేను మూడే మాటలు చెప్పేదాన్ని. మొదటి ప్రశ్న నుంచి వరసగా రావాలి. స్టెప్పులన్నీ రాయాలి. ఏదీ ఖాళీ వదలకూడదు. ఈ మూడు మాటలతో ఎంతమందిని గట్టెక్కించానో నాకే లెక్క లేదు. లెక్కల్లో తప్పిన పిల్ల మా బడిలో ఉండేది కాదని మా హెడ్మిస్ట్రెస్ ఎక్కడికి పోయినా చెప్పుకునేది.

కొత్తగా పాఠాలు చెప్పడానికి వచ్చిన మీలో కొందరు నాకు ఫోను చేసి, ఎంట్రన్స్‌లో లెక్కలూ సైన్సూ ఎలా రాయించాలి టీచర్, ఏవైనా కిటుకులు చెప్పండి అంటారు. కిటుకులు ఫోను నిండా ఉన్నాయి, చూసుకోండి. నా దగ్గరున్నది ఒక తప్పు, ఆ తప్పును ఏడాది పాటు దిద్దుకుంటూ వచ్చిన కథ. అది చెప్తాను వినండి.

ఆ పిల్లది రాయపురం. తండ్రికి చేపల రేవులో ఐసు కంపెనీలో పని, తల్లి రొయ్యలు ఒలిచే షెడ్డుకు పోయేది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. లెక్కకు మాత్రం భాష అక్కర్లేదు, చూడగానే చెయ్యి కదిలేది. ప్లస్ టూలో ఉండగా ఒకరోజు క్లాసులో అందరినీ అడిగాను, ఏమవుతారని. డాక్టరు, కంప్యూటరు, బ్యాంకు అని వస్తున్న వరసలో ఈ పిల్ల లేచి "ఓడలో ఇంజనీరు టీచర్" అంది. క్లాసంతా గొల్లుమంది.

"ఎందుకు నగతా ఉండారు? ఓడలో ఆడోళ్ళు ఉండకూడదా టీచర్?" అని నన్నే అడిగింది.

వాళ్ళ మేడమీదికెక్కితే హార్బరులోకొచ్చే పెద్ద ఓడలు కనబడతాయట. అంత ఇనుము నీళ్ళమీద ఎట్లా కదులుతుందోనని చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగిందట. ఉండొచ్చమ్మా, కూర్చో అన్నాను. ఆ సాయంత్రమే కనుక్కున్నాను. మా రాష్ట్రంలో మామూలు ఇంజనీరింగు సీట్లు ప్లస్ టూ మార్కులకే వస్తాయి. ఓడల ఇంజనీరింగుకు మాత్రం దేశమంతటికీ కలిపి ఒక ఎంట్రన్స్ ఉంది. కొంచెం ఇంగ్లీషు, కొంచెం జనరల్ నాలెడ్జి పోగా మిగతాదంతా లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ. మూడు గంటల్లో రెండు వందల ప్రశ్నలు, కంప్యూటరు మీద. ఒక్కోదానికి నాలుగు జవాబులిస్తారు, ఒకటి ఎంచుకోవాలి. సరైన దానికి ఒక మార్కు, తప్పుకు పావు మార్కు కోత.

మా బడిలో ఫిజిక్సు పోస్టు అప్పటికి రెండేళ్ళుగా ఖాళీ. ఫిజిక్సు లెక్కలు కూడా నేనే చెప్తానని తలకెత్తుకున్నాను. కెమిస్ట్రీ మా కెమిస్ట్రీ సారు చూసుకుంటానన్నాడు. ఆయన నాకంటే నాలుగేళ్ళు చిన్న, నోరు మాత్రం అందరికంటే పెద్ద. స్టాఫు రూములో నా ఎర్ర పెన్ను కనబడితే "రక్తం చిందించేదానికి బయల్దేరినారా మేడం?" అనేవాడు. నేను పట్టించుకునేదాన్ని కాదు.

ఏడు నెలలు బడి అయిపోయాక కూర్చోబెట్టి చెప్పాను. ఆ పిల్లకు రాని చాప్టరు లేదు. పరీక్షకు ముందురోజు నా మూడు మాటలూ మళ్ళీ అప్పజెప్పించి పంపాను. మర్నాడు సాయంత్రం బడి గేటు దగ్గరికే వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"టీచర్, ఒక్కటి కూడా ఖాళీ లేదు. రెండు వందలూ పెట్టేసినా."

శభాష్ అని వీపు తట్టాను. ఆ తట్టింది ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ర్యాంకు వచ్చింది. సీటుకు దరిదాపుల్లో కూడా లేదు. మా బడి ఫస్టు వచ్చిన పిల్ల, బోర్డులో లెక్కలకు నూటికి నూరు తెచ్చుకున్న పిల్ల, దేశంలో ఎక్కడో అట్టడుగున తేలింది. హెడ్మిస్ట్రెస్ "పిల్ల భయపడిపోయుంటాది టీచర్, కంప్యూటరు కొత్త గదా" అంది. నేను వెంటనే, అవును, భయపడింది అన్నాను. స్టాఫు రూములో అదే అన్నాను. ఆ పిల్ల తండ్రి బడికొచ్చి అడిగితే అదే అన్నాను. ఆ పిల్ల పక్కనే నిలబడి వింది. ఊళ్ళోనే ఇంజనీరింగు సీటు వచ్చేది, వద్దంది. ఒక్క ఏడాది ఆగి మళ్ళీ రాస్తానని తండ్రితో పోట్లాడి, మా సందు చివర జెరాక్సు షాపులో పనికి కుదిరింది.

నెల తర్వాత ఒక శనివారం కెమిస్ట్రీ సారు నన్ను కంప్యూటరు గదికి పిలిచాడు. ఆరు కంప్యూటర్లలో రెండే పనిచేసేవి. ఒకదాని ముందు ఆ పిల్ల కూర్చుని ఉంది. అసలు పరీక్షలాగే ఉండే నమూనా పేపరు తెరిచి పెట్టాడాయన.

"మేడం, మీరు వెనకాల కూర్చోండి. నోరు తెరవకూడదు. మూడు గంటలు. ఉండగలరా?" అన్నాడు.

ఉండగలనన్నాను. నా జీవితంలో అంత కష్టమైన ఇన్విజిలేషన్ ఇంకోటి చేయలేదు.

తెర కుడిపక్కన రెండు వందల చిన్న గడులుంటాయి, ప్రశ్నకొకటి. జవాబు పెడితే గడి పచ్చగా మారుతుంది. ప్రశ్న తెరిచి చూసి జవాబు పెట్టకుండా ముందుకు పోతే ఎర్రగా మారుతుంది. ఆ పిల్ల మొదటి పది టకటకా చేసింది. పదకొండో ప్రశ్న మాత్రికల మీద, ఆరు నిమిషాలు కొట్టుకుంది. వదిలి పన్నెండుకు పోయింది. పదకొండు ఎర్రబడింది. పన్నెండు సగం చేసి, ఆ ఎర్ర గడి వైపు చూసి, మళ్ళీ పదకొండుకు వచ్చేసింది. వచ్చి ఇంకో ఐదు నిమిషాలు. కాగితం మీద స్టెప్పులన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో, నేను నేర్పినట్టే, "కావున" అని కూడా రాస్తూ. కాగితం ఎవరూ దిద్దరని తెలిసీ. గంటా నలభై నిమిషాలు గడిచేసరికి అరవయ్యో ప్రశ్న దగ్గరుంది. చివరి పది నిమిషాల్లో డెబ్బై ప్రశ్నలు చదవకుండానే పచ్చ చేసేసింది. ఒక్క ఎర్ర గడి కూడా లేకుండా పేపరు ముగించి, నా వైపు తిరిగింది.

"ఆ పదకొండోది వదిలేసి పోకూడదా మే?" అన్నాను. గొంతు నాది నాకే కొత్తగా వినబడింది.

"ఎట్లా టీచర్? ఎర్రగా ఉండాది గదా."

ఆ గడుల్లో ఆ పిల్లకు కనబడింది నా పెన్నే. ఆరో తరగతి నుంచి ఏడేళ్ళు చుట్టిన సున్నాలు.

అయినా నేనంత తేలిగ్గా ఒప్పుకునే మనిషిని కాదు. ఆ పిల్ల వెళ్ళిపోయాక సారుతో వాదనకు దిగాను. నాలుగు జవాబుల్లో ఒకటి గుడ్డిగా పెడితే నాలుగుసార్లకొకసారి తగులుతుంది. ఒక మార్కు వస్తుంది, మూడు పావులు పోతాయి. ఇంకా పావు మిగులుతుంది. లెక్క ప్రకారం అన్నీ పెట్టడంలో నష్టం లేదు అన్నాను. బోర్డు మీద రాసి మరీ చూపించాను.

ఆయన బోర్డు వైపు చూడను కూడా లేదు. "మీ లెక్క కరెక్టే మేడం. కళ్ళు మూసుకోని పెట్టినోడికి నష్టం లేదు. సగం తెరుచుకోని పెట్టినోడికే నష్టం. ఈ బిడ్డ సగం తెలిసి పెట్టినవి తన కాగితాల్లో చూసి నేను వేరేగా రాసుకున్నా, చూడండి. ఇరవై. అందులో రైటు రెండు. ఆ పేపరు చేసినోడు కూడా మనలాంటి అయ్యవారే. పిల్లోళ్ళు యాడ జారి పడతారో వాడికి బాగా తెలుసు, ఆడనే ఒక జవాబు పెట్టుకోని కూర్చోనుంటాడు. పావు మార్కు పోతే పోయింది, ఆ ఇరవైకీ పట్టిన గంట ఎవరిస్తారు?"

మొదటిసారి బోర్డు నేనే తుడుచుకున్నాను.

మర్నాడు ఆదివారం, పొద్దున్నే రాయపురం పోయాను. ఒకే గది ఇల్లు, బయట వరండాలో తండ్రి అప్పుడే పనినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. నన్ను చూసి గాభరా పడ్డాడు.

"ఏం టీచర్, ఈడికొచ్చినారు? చెప్పంపించుంటే నేనే వచ్చుందును గదా. ఏం చేసింది ఈమె?"

"ఏమీ చేయలేదు. చేసింది నేను. మీ అమ్మాయి భయపడిందని చెప్పాను కదా, అది నిజం కాదు. ఈ పరీక్షకు పనికిరాని పద్ధతి నేర్పించి పంపాను. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది కాబట్టే పోయింది. తప్పు నాది" అన్నాను. దారంతా ఈ నాలుగు ముక్కలే మనసులో అనుకుంటూ వచ్చాను, అందుకని తడబడలేదు.

ఆయన చెంబు కిందపెట్టి, "అంటే ఈ బిడ్డ మొద్దు గాదా టీచర్?" అన్నాడు. "నెల దినాలుగా అంటా ఉండాను. కంచం ముందర కూర్చున్నా అంటా ఉండాను. ఎదురు చెప్పనే లేదు ఇది."

ఆ పిల్ల గుమ్మంలోనే ఉంది. నేను తల పైకెత్తి చూడలేకపోయాను.

లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు. తాగాక ఆయన తన మాట చెప్పాడు. "ఇంకొక్క తూరి రాయనీండి. అంతే. ఈసారి గూడా కాకుంటే, ఊళ్ళో ఏ కాలేజీ వస్తే ఆ కాలేజీలో చేరాల. ఓడ అనే మాట మళ్ళా ఈ ఇంట్లో ఎత్తకూడదు. ఏం మే, సరియా?"

"సరి నాయినా" అంది ఆ పిల్ల. ఆ 'సరి' ఎంత చిన్నగా అందో నాకింకా చెవుల్లో ఉంది. ఒక మనిషి బతుకులో ఏడాది నా చేతికిచ్చారు, ఒకసారి పాడుచేశానని తెలిసి కూడా.

సోమవారం నుంచి పని మొదలైంది. హెడ్మిస్ట్రెస్‌కు చెప్తే కంగారుపడింది. "ఖాళీ వదలమని చెప్తారా? టీచర్, ఈ మాట బోర్డు పిల్లకాయల చెవిన పడిందంటే మన కొంప మునిగిపోతాది. తలుపులేసుకోని చెప్పండమ్మా" అంది. అలా ముప్పై రెండేళ్ళ సర్వీసు తర్వాత తలుపులు వేసుకుని దొంగచాటుగా పాఠం చెప్పే యోగం పట్టింది నాకు.

సారూ నేనూ కూర్చుని ఒక పద్ధతి వేసుకున్నాం. పేపరును మూడుసార్లు చుట్టి రావాలి. మొదటి చుట్టులో ప్రశ్న చదవగానే దారి కనబడితేనే చేయాలి, లేకపోతే ఆగకుండా పోవాలి. రెండో చుట్టులో దారి తెలిసినా దూరం ఎక్కువున్న లెక్కలు. మూడో చుట్టులో, నాలుగు జవాబుల్లో కనీసం రెండింటిని కాదని కొట్టేయగలిగితే మిగతా రెండిట్లో ఒకటి. అలా కొట్టేయలేకపోతే ముట్టుకోకూడదు. కెమిస్ట్రీ మొదట, ఎందుకంటే అందులో తెలిసిందా లేదా అన్నది వెంటనే తేలిపోతుంది. లెక్కలు చివర, ఎందుకంటే ఆ పిల్లకు లెక్కంటే ఇష్టం, ఇష్టమైన దాని దగ్గరే టైము ఎక్కువ పోతుంది.

వినడానికి ఇంతే. చేయడానికి మాకు నెలలు పట్టింది. స్టెప్పులు మాన్పించడమే పెద్ద యుద్ధం. ఒక ఫిజిక్సు ప్రశ్న ఇచ్చాను. నీటి అల వేగానికి సూత్రం ఏదని. ఆ పిల్ల కాగితం తీసుకుని మొదటినుంచి కట్టుకొస్తోంది.

"ఆగు. నాలుగు జవాబుల యూనిట్లు చూడు" అన్నాను.

చూసింది. "టీచర్, ఇందులో మూడు అసలు వేగమే గాదు!"

"మరి?"

"మిగిలింది ఒకటే." పెన్ను కిందపెట్టి నా వైపు అనుమానంగా చూసింది. "ఇది మోసం గాదా టీచర్? లెక్క చేయకుండానే పెట్టేస్తే?"

ఒక ఏడాది ముందైతే నేనే ఆ మాట అని ఉండేదాన్ని. "రేపు ఓడలోకి నీళ్ళొస్తా ఉంటే 'ఇవ్వబడినది, కనుగొనవలసినది' అని రాసుకుంటూ కూర్చుంటావా మే?" అన్నాను. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. ర్యాంకు పోయాక తను నవ్వడం అదే మొదటిసారి చూశాను.

నా గొప్ప కూడా చెప్పుకోవాలి కదా. ఒకరోజు సారు రెచ్చగొట్టాడని నేను కూడా నమూనా పరీక్షకు కూర్చున్నాను, ఆ పిల్ల పక్క కంప్యూటరులో. ముప్పైరెండేళ్ళ అనుభవం. పధ్నాలుగో ప్రశ్న ఒక అందమైన సమాకలనం. వదలబుద్ధి కాలేదు. తొమ్మిది నిమిషాలు తీసుకుని, ఒక్క తప్పు లేకుండా, ఎంతో హాయిగా చేశాను. కెమిస్ట్రీ వదిలేసినా లెక్కల్లోనే ఆ పిల్లకంటే పదకొండు మార్కులు తక్కువొచ్చాయి. సారు ఆ మార్కుల కాగితాన్ని ఆ వారమంతా చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. స్టాఫు రూములో టీ తెచ్చే ఆయాకు కూడా చూపించాడు.

నవ్వుకున్నా, దానివల్ల ఒకటి తెలిసింది. వదలడం అంటే తెలియకపోవడం కాదని, తెలిసినదాన్ని కూడా వదలగలగాలని. అది చెప్తే వచ్చేది కాదు, అలవాటు చేయాలి. కాగితాల దుకాణానికి పోయి జీవితంలో మొదటిసారి పచ్చ పెన్ను కొన్నాను. ప్రతిరోజూ ఆ పిల్ల వదిలిన ప్రశ్నలు మాత్రమే దిద్దేదాన్ని. వదలాల్సినదాన్ని వదిలితే పచ్చ టిక్కు. పేపరుకు ఇరవై ఐదుకు తక్కువ ఎర్ర గడులు మిగిల్చితే ఇంటికి పంపేదాన్ని కాదు, ఇంకో అరపేపరు రాయించేదాన్ని. ఎన్ని రాశావని అడగడం మానేశాను. ఎన్ని వదిలావు అనే అడిగేదాన్ని.

అన్నీ సాఫీగా జరిగాయని అనుకోకండి. పరీక్ష మూడు వారాలుందనగా ఒక సాయంత్రం ఆ పిల్ల మళ్ళీ రెండు వందలూ పచ్చ చేసి కూర్చుంది. మార్కులు ఏడాది కిందటి చోటికే పడిపోయాయి. ఏమైంది మే అని అరిచాను. ఏడ్చేసింది.

"తెలుసు టీచర్, అన్నీ తెలుసు. ఆ ఎరుపు చూస్తే చెయ్యి ఊరికుండదు, పచ్చ చేసేస్తాది. మీరు తిడతారని గాదు. ఇంకా... ఎవరో తిడతారని."

నేను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. "ఎవరో కాదు, నేనే. ఆ సున్నాలు చుట్టింది నేను. ఎందుకు చుట్టానో తెలుసా? మీరు ప్రయత్నం మానేస్తారని నాకు భయం. నువ్వు మానేసే పిల్లవు కాదు. ఆ సున్నాలు నీకు చుట్టకూడదు, చుట్టాను. తప్పయిపోయింది మే" అన్నాను. పిల్లలకు క్షమాపణ చెప్పడం నాకు చేతకాదు. వాళ్ళ నాన్నతో చెప్పాను గానీ తనతో అప్పటిదాకా చెప్పనేలేదు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, "ఇంకో పేపరు తెరవండి టీచర్" అంది.

పరీక్ష సెంటరు ఊరి చివర, ఎలక్ట్రిక్ ట్రైను దిగి షేర్ ఆటోలో పోవాలి. తండ్రి సెలవు పెట్టి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నేనూ పోయాను, నన్నెవరూ రమ్మనకపోయినా. ఆ పిల్లను లోపలికి పంపి ఇద్దరం ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం. ఎండ మండిపోతోంది. మూడు గంటల్లో ఆయన నాలుగు టీలు తాగాడు, నాకు మూడు ఇప్పించాడు. మధ్యలో ఒకసారి, "టీచర్, దీనికి రాకుంటే ఓడ మాట ఎత్తొద్దు అన్నాను గదా. అది సుమ్మా, ఊరికే అన్నాను. మనసులో నాకే ఉండాది, రావాలని" అన్నాడు. నాకూ ఉంది అన్నాను.

గేటు తెరిచారు. పిల్లలు గుంపుగా బయటికొస్తున్నారు. కొందరు ఏడుస్తున్నారు, కొందరు ఫోన్లలో జవాబులు సరిచూసుకుంటున్నారు. ఆ పిల్ల కనబడింది. రోడ్డు దాటకముందే నేను అరిచాను.

"ఎన్ని మే?"

"ముప్పై ఒకటి టీచర్!"

"ముప్పై ఒకటి రైటా?" అన్నాడు తండ్రి ముఖం వెలవెలబోతూ.

"కాదు నాయినా. ముప్పై ఒకటి ఇడిసిపెట్టినా!"

ఆయన బల్ల మీద కూలబడ్డాడు. నేను మాత్రం నా వయసు, నా చీర, నడిరోడ్డు అన్నీ మరిచిపోయి ఆ పిల్లను గట్టిగా కౌగిలించుకుని గంతులేశాను. టీ కొట్టు అతను గరిటె పట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోయాడు. తండ్రి పాపం, "ఇడిసిపెట్టిందంట, ఈయమ్మ ఎందుకు ఎగరతా ఉండాది?" అని టీ కొట్టు అతన్నే అడుగుతున్నాడు.

"ఒక లెక్క వచ్చింది టీచర్," అంది ఆ పిల్ల ఆయాసపడుతూ, "వాలు మీద దొర్లే చక్రం. ఐదు నిమిషాలిచ్చుంటే చేసేద్దును. అంత బాగుండాది. ఇడిసేసినా. ఇడిసేసినాక చూసుకుంటే నొప్పి కూడా లేదు!"

ఇంత చదువు చెప్పాను, ఇంతమందికి చెప్పాను. ఆ మాట విన్నప్పుడు కలిగిన గర్వం నూటికి నూరు తెచ్చుకున్న పిల్లలెవరూ నాకివ్వలేదు. అప్పటికి ఫలితం రాలేదు. నాకు దానితో పనే లేకపోయింది. తిరుగు ట్రైనులో సారుకు ఫోను చేస్తే, "ముప్పై ఒకటా? ఇంకో రెండు వదిలుండొచ్చు గదా" అన్నాడు మహానుభావుడు.

మే నెలాఖరుకు నేను రిటైరయ్యాను. వీడ్కోలు సభలో హెడ్మిస్ట్రెస్ నా ఎర్ర పెన్ను గురించి ఐదు నిమిషాలు పొగిడింది. సారు ముందు వరసలో కూర్చుని నేల చూపులు చూస్తూ నవ్వాడు. ఇప్పుడు ఆ బడిలో ఎంట్రన్స్ పిల్లలకు ఆయనే చెప్తున్నాడు, తలుపులు తెరిచే. బోర్డు పిల్లలకు మాత్రం ఇప్పటికీ ఖాళీ వదలొద్దనే చెప్పండి, అది ఆ పరీక్షకు సరైన మాటే. ఏ పరీక్షకు ఏ మాటో చూసి చెప్పండి. నేను అదొక్కటే చూడలేదు. ఒక పిల్ల ఏడాది పోయింది.

జూన్‌లో ఒక మధ్యాహ్నం కోడంబాక్కంలో మా ఇంట్లో ఉన్నాను. ఫోను మోగింది. ఆ పిల్ల నంబరే. ఎత్తితే పిల్ల గొంతు వినబడలేదు, గరగరమని యంత్రం రొద. హలో హలో అని నేను, టీచర్ టీచర్ అని ఆ పిల్ల. ముక్కలు ముక్కలుగా "ర్యాంకు" అన్నది వినబడింది, మిగతాది ఆ రొదలో కలిసిపోయింది. ఎక్కడున్నావే అని అరిచాను. రేవులో, నాయిన దగ్గర అంది. ఫలితం చూసుకుని నేరుగా తండ్రి పనిచేసే చోటికి పరిగెత్తిందన్నమాట.

ఉన్నట్టుండి రొద ఆగిపోయింది. ఐసు గడ్డల్ని పొడి చేసే మిషను ఆపేశారు. పడవల మీదనుంచి ఎవరెవరో తమిళంలో కేకలేస్తున్నారు, ఐసు ఏదీ, చేపలు పాడైపోతున్నాయని. వాళ్ళందరికీ పైన ఆ తండ్రి గొంతు ఖంగుమని వినబడింది.

"రెండు నిమిషాలు ఆగండప్పా! నా బిడ్డకు ఓడలో సీటొచ్చింది. వాళ్ళ టీచరుకు చెప్తా ఉండాది!"